అమ్మ క్యాసెట్‌లో ఉన్న అబ్బా ‘అరైవల్’, ఫోన్‌లో ఉన్న ‘అరైవల్’ ఒకటి కాదా?

బ్రాడీపేట_కుర్రోడు:
అందరికీ నమస్తే అండీ. మాది గుంటూరు. పాత ఇంగ్లీషు పాటల గురించి నాకు పెద్దగా తెలీదు, తప్పు రాస్తే సరిచేయండి. మా అమ్మ కాడ ఒక 60 నిమిషాల క్యాసెట్ ఉంది, స్వీడన్ పాప్ గ్రూపు అబ్బా వాళ్ళ ‘అరైవల్’ ఆల్బమ్. 1985లో అమ్మ విజయవాడలో డిగ్రీ చదివేటప్పుడు మా పెద్ద మావయ్య బీసెంట్ రోడ్డు వైపు ఏదో రికార్డింగ్ షాపులో చేయించి ఇచ్చాడంట. మావయ్య పోయి పదకొండేళ్ళయింది. ప్రతి ఆదివారం పొద్దున పెసరట్లు పోస్తా అమ్మ ఆ క్యాసెట్టే పెట్టిద్ది, నాకు ఊహ తెలిసిన కాడ్నుంచీ ఇంతే, ‘డాన్సింగ్ క్వీన్’ మొదట్లో పియానో జర్రున జారిద్ది కదా, అది వినపడితే అట్టు రెడీ అని మాకు లెక్క. పోయిన నెల టేపు ప్లేయర్లో చుట్టుకుపోయి ఒకచోట తెగింది. అమ్మ ఏం అనలేదు, రెండు అట్లు పోసి స్టవ్ కట్టేసింది. నాకు చాలా బాధేసి ఫోన్లో అదే ఆల్బమ్ వెతికి పెట్టా. రెండు పాటలు విని ‘ఇది అది కాదురా, వీళ్ళెవరో నీరసంగా పాడుతున్నారు’ అంది. పైగా ఆమె క్యాసెట్‌లో ఫస్ట్ సైడ్ చివర ‘ఫెర్నాండో’, ‘వాటర్లూ’ వస్తయ్యంట, ఫోన్లో అక్కడ వేరే పాట వస్తంది. అమ్మ చెప్పేది నిజమేనా లేక అలవాటు వల్ల అట్లా అనిపిస్తందా? తెగిన టేపు బాగుచేయించే దారి ఏమన్నా ఉందా?

గవర్నర్‌పేట_పెద్దాయన:
బాబూ, మీ అమ్మగారు చెప్పింది నిజం. ఆ రోజుల్లో నేనూ అట్లాంటి షాపుల చుట్టూ తిరిగినవాణ్ణే. కాయితం మీద పాటల లిస్టు రాసిచ్చి, ఖాళీ క్యాసెట్ కొనిచ్చి, మళ్ళీ రెండు మూడు రోజులకి వెళ్తే ఇచ్చేవాడు, లోపల అట్ట మీద స్కెచ్ పెన్నుతో పేర్లు రాసి, పైన రెండు ప్లాస్టిక్ పలుకులు విరగ్గొట్టి మరీ ఇచ్చేవాడు, పొరపాటున ఎవరూ దానిమీద వేరేది ఎక్కించకుండా. ఇప్పుడు లెక్క చూడు. ‘అరైవల్’ మొత్తం 33 నిమిషాల ఆల్బమ్, ఎల్పీకి, అంటే పెద్ద గ్రామఫోను రికార్డుకి, ఒక్కో పక్క అయిదు పాటలు, అంటే పదహారు పదిహేడు నిమిషాలు. 60 క్యాసెట్‌కి ఒక్కో సైడు 30 నిమిషాలు. మిగిలిన పదమూడు నిమిషాలు ఖాళీగా వదిలితే డబ్బులిచ్చినవాడు ఊరుకోడు కదా, అందుకని షాపాయన కాడున్న వేరే అబ్బా పాటలతో నింపేవాడు. ‘వాటర్లూ’ 1974లో వాళ్ళు ఇంగ్లండ్ బ్రైటన్‌లో యూరోవిజన్ అనే యూరప్ పాటల పోటీ గెల్చిన పాట, ఈ ఆల్బమ్‌లోది కాదు. ‘ఫెర్నాండో’ సంగతి వేరే, అది ముందు అబ్బాలో పాడే ఫ్రిడా ఒక్కతే స్వీడిష్‌లో పాడింది, 1976లో ఇంగ్లీషులో సింగిల్‌గా, అంటే విడి పాటగా, వచ్చింది, ఆస్ట్రేలియాలో అమ్మిన ‘అరైవల్’ ఎల్పీలో మాత్రం దాన్ని కలిపారు. కాబట్టి ఆ వరస ప్రపంచంలో మీ ఇంట్లో ఒక్కచోటే ఉంటది, జాగ్రత్తగా రాసి పెట్టుకో.

నాకు ఆ ఆల్బమ్ అట్ట చూసినా చాలు. తెల్ల డ్రెస్సుల్లో నలుగురూ హెలికాప్టర్లో ఇరుక్కుని కూర్చుని ఉంటారు, వెనక సాయంత్రం ఆకాశం. ‘ABBA’లో ఒక బి వెనక్కి తిరిగిన ఆ పేరు మొదటిసారి వాళ్ళ స్టూడియో ఆల్బమ్ మీదకి ఎక్కింది కూడా దీంతోనే. నలుగురి పేర్ల మొదటి అక్షరాలు అని తెలీక మా నాయనమ్మ ‘ఏం నొప్పిరా వాళ్ళకి, అబ్బా అని పెట్టుకున్నారు’ అని అడిగేది. పాటల్లో ‘డమ్ డమ్ డిడిల్’ ఒక్కటీ నాకు ఎప్పుడూ ఎక్కలేదు, మిగతా తొమ్మిదీ ఇప్పటికీ వరసగా వింటా.

రీల్_రిపేర్_మంగళగిరి:
బ్రో, నీరసంగా ఉందని అమ్మ అన్నారు చూడు, అది ఊహ అయ్యుండదు. ఆ షాపుల్లో పాటలు ఎక్కించే టేపు డెక్‌లు పొద్దున్నుంచి రాత్రి దాకా తిరిగేవి, బెల్టు సాగిపోయి మోటారు కొంచెం నిదానంగా తిరిగేది. నిదానంగా తిరిగే డెక్‌లో ఎక్కించిన టేపుని ఇంట్లో మామూలు స్పీడులో వేస్తే పాట కాస్త వేగంగా, శ్రుతి కాస్త పైకి వచ్చిద్ది. నూటికి మూడు వంతులు తేడా ఉంటే చాలు, నలభై ఏళ్ళు విన్న చెవికి తెలిసిపోయిద్ది. అసలు విశేషం ఏంటంటే వాళ్ళ సౌండ్ ఇంజనీరు మైకేల్ ట్రెటో కావాలనే ఇట్లాంటి పని చేసేవాడు, ఒకసారి రికార్డు చేసినదాని మీద అదే మళ్ళీ వాయించేటప్పుడు, పాడేటప్పుడు టేపు స్పీడు వెంట్రుకవాసి మార్చేవాడు, రెండూ అచ్చంగా కలవకుండా ఒకదానిమీద ఒకటి కూర్చుంటయ్, అందుకే ఇద్దరు పాడుతుంటే పదిమంది పాడినంత నిండుగా ఉంటది. ఫోన్లో స్పీడు మార్చే యాప్ ఏదన్నా వేసి, పాటతో పాటు శ్రుతి కూడా మారేట్టు పెట్టి, నూటికి మూడు పెంచి వినిపించు ముందు.

టేపు గురించి: మామూలు సెల్లోటేపు మాత్రం అంటించొద్దు, ప్లీజ్. దాని జిగురు కరిగి పక్క చుట్టకీ, ప్లేయర్లో టేపు ఆనే హెడ్‌కీ పట్టిద్ది. స్ప్లైసింగ్ టేపు అని విడిగా దొరికిద్ది, తెగిన రెండు కొసలూ ఏటవాలుగా కోసి, ఎదురెదురు ఆనించి, హెడ్‌కి తగలని వీపు వైపు అంటించాలి. క్యాసెట్‌కి స్క్రూలు ఉంటే తియ్యటం ఈజీ.

కృష్ణలంక_వీణ:
నేను సంగీతం చెప్తాను, పిల్లలకి ఈ ఆల్బమ్ కూడా వినిపిస్తా. అమ్మలాంటి వాళ్ళకి ఇది ఎందుకు అంతగా పట్టుకుందో నాకు అనిపించేది చెప్తా. అబ్బా వాళ్ళకీ ఇంగ్లీషు మాతృభాష కాదు, అందుకే ప్రతి మాటా విడమరిచి పలుకుతారు, తెలుగు మీడియంలో చదివిన నాక్కూడా పదో క్లాసులో లైన్లు అర్థమయ్యాయి, ఆ సంతోషం ఎట్లాంటిదో చెప్పలేను. రెండోది, పైకి ఎంత హుషారుగా ఉన్నా లోపల ఒక దిగులు ఉంటది. ‘డాన్సింగ్ క్వీన్’ గొంతులు లేని ట్రాక్‌ని గ్రూపులోని బెన్నీ ఇంటికి తెచ్చి తన జోడీకి వినిపిస్తే ఫ్రిడా ఏడ్చేసిందంట, డాన్సు చేసే పాటకి ఏడవటం ఏంటి అనుకుంటాం గానీ ఆ తీగలు పైకి లేచేచోట నాకూ గొంతు పట్టేసిద్ది. 1976 జూన్‌లో వాళ్ళ రాజుగారి పెళ్ళికి ముందురోజు రాత్రి ఆ పాటే పాడారు. ‘నోయింగ్ మీ, నోయింగ్ యూ’ అయితే ఖాళీ ఇంట్లో విడిపోయే ఆలూమగల పాట, అది చేసేనాటికి గ్రూపులో నలుగురూ రెండు జంటలు, రెండూ కలిసే ఉన్నాయి, తర్వాత అయిదేళ్ళలో రెండూ విడిపోయాయి. అది తెలిశాక ఆ పాట మామూలుగా వినలేం. ఆల్బమ్ చివర వచ్చే ‘అరైవల్’ అనే పాట మాత్రం ఏం మాట్లాడకుండా వినమనండి అమ్మగారిని, గొంతులు ఉంటాయి గానీ పదాలు ఉండవు, స్వీడన్ పల్లె బాణీ వాసన వస్తది.

బ్రాడీపేట_కుర్రోడు:
అందరికీ చాలా చాలా థ్యాంక్స్ అండీ. పెద్దాయన గారూ, మీరు చెప్పాక క్యాసెట్ అట్ట తీసి చూశా. స్కెచ్ పెన్ను కాదు, అది మావయ్య చేతిరాతే, నీలం పెన్నుతో పాటల పేర్లు తెలుగులో రాసి ఉన్నయ్, ‘మనీ మనీ మనీ’ పక్కన చిన్న రూపాయి బొమ్మ గీశాడు. అదే వరసలో లిస్టు పెట్టి, రిపేర్ అన్న చెప్పినట్టు మూడు పెంచి ఈ ఆదివారం అమ్మకి చెప్పకుండా వేశా. పిండి గరిటె పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది, అట్టు ఒకటి మాడింది కూడా. ‘ఇదేరా, వచ్చారు’ అంది. అయితే ఫస్ట్ సైడ్‌లో అయిదో పాట అయిపోయి ‘ఫెర్నాండో’ మొదలవ్వంగానే నావైపు తిరిగి, ‘మధ్యలో టక్ అని రావాలి కదా, అదేది’ అని అడిగింది. షాపాయన బటన్ నొక్కిన శబ్దం అనుకుంటా.

రీల్_రిపేర్_మంగళగిరి:
పాజ్ బటన్ శబ్దం అది. టేపు నువ్వు ముట్టుకోవద్దు, కొరియర్ కూడా వద్దు, నువ్వే పట్టుకుని రా. నా కాడ అతికించి, ఆ టక్కుతో సహా కంప్యూటర్లోకి ఎక్కిద్దాం.