కోటి దాటకపోతే బాకీ బాకీ కాదా? ఐబీసీ (దివాలా చట్టం) నిలుపుదల ఎవరిని కాపాడింది, ఎవరిని ముంచింది

లేత్_షెడ్ (12 ఏప్రిల్ 2021)
జీడిమెట్లలో మాది జాబ్‌వర్క్ షెడ్డు, ఎనిమిది మంది పనివాళ్లు. ఒక పెద్ద పార్టీ (పేరు వద్దులెండి) రూ.18 లక్షలు ఇవ్వాలి. 2020 ఫిబ్రవరికే గడువు దాటిన బిల్లులు. దివాలా చట్టం కింద నోటీసు ఇద్దామని లాయరు దగ్గరికి వెళ్లేలోపే లాక్‌డౌన్ పడింది. అప్పట్నుంచి ఎప్పుడు అడిగినా ఒకటే పాట: "దివాలా కేసులు వినే ఎన్‌సీఎల్‌టీ ట్రిబ్యునల్ తలుపులు మూశారుగా, ఏం చేస్తారు?" కరోనా అని దివాలా కేసులు ఆపేసిన ఆ ఏడాది పోయిన నెల 24తో అయిపోయింది. కరోనా పేరు చెప్పి ఎగ్గొట్టేవాడికి ప్రభుత్వం గొడుగు పట్టింది, తడిసింది మేము. ఇదీ నా మాట. కాదనేవాళ్లు రండి.

విశాఖ_హోటల్
నేను కాదంటాను అన్నా. మాది హోటలు, ప్రైవేట్ లిమిటెడ్. 2020 మార్చి ఆఖర్లో పెళ్లి బుకింగులన్నీ ఎగిరిపోయాయి. అడ్వాన్సులు వెనక్కివ్వాలి, జీతాలివ్వాలి, పాలవాడి నుంచి లాండ్రీ దాకా అందరికీ బాకీ. ఆ టైమ్‌లో ఎవరో ఒకరు దివాలా పిటిషన్ వేసి ట్రిబ్యునల్ దాన్ని అడ్మిట్ చేసుకుంటే డైరెక్టర్ల అధికారం అక్కడితో సరి, తాళాలు ట్రిబ్యునల్ పెట్టే రిజల్యూషన్ ప్రొఫెషనల్ చేతికి. మూతపడ్డ హోటల్‌ని అప్పుడు కొనేదెవరు? తుక్కు లెక్కన పోయేది. అప్పుడు బ్యాంకు తినగా మిగిలిందేగా మీలాంటి సప్లయర్లకు!

సీఎస్_గుంటూరు
కంపెనీ సెక్రటరీని, ఒక మాట. రెండు వేర్వేరు సంగతుల్ని కలిపేస్తున్నారు.

మొదటిది సెక్షన్ 10ఎ, అంటే దివాలా దరఖాస్తులు వేయకుండా ఆపిన సెక్షన్. 2020 జూన్ 5 ఆర్డినెన్స్‌తో వచ్చింది. 2020 మార్చి 25న గానీ ఆ తర్వాత గానీ జరిగిన డిఫాల్ట్‌లకే (గడువుకు కట్టని బాకీలకే) వర్తిస్తుంది. మొదట ఆరు నెలలు, పొడిగిస్తూ పోయి ఏడాది చేశారు. రెండోది 2020 మార్చి 24 నాటి నోటిఫికేషన్. దివాలా కేసుకు కనీస బకాయి లక్ష ఉండేదాన్ని ఏకంగా కోటి చేశారు. దీనికి గడువంటూ లేదు.

లేత్ షెడ్ గారూ, మీ డిఫాల్ట్ ఫిబ్రవరిది. 10ఎ మిమ్మల్ని ముట్టుకోనే లేదు. మీ పార్టీ ఏడాదిపాటు మిమ్మల్ని మాయ చేసింది. మిమ్మల్ని ఆపింది కోటి గీత. మార్చి 24కి ముందే పిటిషన్ వేసి ఉంటే లక్ష దాటితే చాలేది.

లేత్_షెడ్
అంటే ఏడాదిగా నేను తిడుతున్నది వేరేవాణ్ణన్నమాట.

కోఠి_లా
సీఎస్ గారు చెప్పింది కరెక్టే కానీ 10ఎని అంత తేలిగ్గా వదిలేయకండి. ఆ సెక్షన్‌లో "ఎప్పటికీ" అనే అర్థం వచ్చే మాట ఉంది. ఆ ఏడాదిలో జరిగిన డిఫాల్ట్ మీద దివాలా దరఖాస్తు ఎన్నేళ్లు గడిచినా వేయకూడదు. సీమెన్స్ గమేసా కేసులో ఆర్డినెన్స్ రాకముందు, మే నెలలోనే దరఖాస్తు పడింది. అయినా డిఫాల్ట్ తేదీ మార్చి 25 తర్వాతది కాబట్టి చెల్లదని మొన్న ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు తేల్చేసింది. అప్పు పోదు, సివిల్ కోర్టుకు వెళ్లొచ్చు. కానీ సివిల్ కోర్టు అంటే భయపడే పార్టీని నేనింతవరకు చూళ్లేదు.

ఇంకో విడ్డూరం, సెక్షన్ 10ని కూడా ఆపేశారు. తన కంపెనీ ఇక నడవదు, పద్ధతిగా అప్పగిస్తానని యజమాని తనంతట తాను వచ్చినా వద్దన్నారు. అది ఎవరికి మేలు?

డీమ్యాట్_తాత
లిస్టెడ్ కంపెనీలకు స్టాక్ మార్కెట్‌ను చూసే సెబీ మాత్రం ఏం తక్కువ చేసింది? మార్చి ఫలితాలకు మే 30 గడువుంటే జూన్ 30 అంది, మళ్లీ జులై 31 అంది.

విశాఖ_హోటల్
తాతగారూ, ఫలితాలు ఆలస్యమైతే ఎవరి కుండా పగలదు. ఇక్కడ డబ్బు గొడవ. అసలు నన్నూ పూర్తిగా కాపాడలేదు. 10ఎ గొడుగు కంపెనీకే. బ్యాంకు లోనుకు నేను పెట్టిన పర్సనల్ గ్యారంటీ సంతకానికి అది లేదు.

సీఎస్_గుంటూరు
నిజం. నేను పట్టుబట్టేది మాత్రం కోటి దగ్గరే. ఆ గీత పెట్టిన రోజు నిర్మలా సీతారామన్ చెప్పిన కారణం, ఎంఎస్‌ఎంఈలను (చిన్న, మధ్య తరహా సంస్థలను) దివాలా కేసుల్లోకి లాగకుండా చూడటం. బాకీ రావలసినవాడూ ఎంఎస్‌ఎంఈయే అన్న సంగతి ఎవరికీ తట్టలేదు. పైగా బ్యాంకులైతే కలిసి దరఖాస్తు వేయొచ్చు, సరుకు ఇచ్చినవాళ్లు సెక్షన్ 9 కింద ఎవరికి వారే. పది మంది సప్లయర్లకు తలా పదిహేను లక్షలు రావాలన్నా కోటిన్నర అని చూపించడానికి లేదు. ఇప్పుడు ఏప్రిల్ 4న వచ్చిన ప్రీప్యాక్ (అప్పిచ్చినవాళ్లతో ముందే మాట్లాడుకుని వేసే దివాలా పద్ధతి) చూడండి. అప్పు ఉన్న ఎంఎస్‌ఎంఈ పది లక్షల డిఫాల్ట్‌తోనే రావొచ్చు. అప్పు ఇచ్చిన ఎంఎస్‌ఎంఈకి కోటి కావాలి!

కోఠి_లా
ఐబీసీ వసూలు చట్టం కాదని 2019లో సుప్రీంకోర్టు స్విస్ రిబ్బన్స్ తీర్పులోనే ఉంది సార్. లక్ష రూపాయలకు నడుస్తున్న కంపెనీ పీక పట్టుకోవడమూ సబబు కాదు. నన్నడిగితే పది లక్షలో, ఇరవయ్యో పెట్టాల్సింది. కోటి అన్నది మాత్రం మరీ ఎక్కువ.

లేత్_షెడ్
సరే, ఇప్పుడు నాకు దారేది?

సీఎస్_గుంటూరు
సరుకు పంపేనాటికే మీకు ఎంఎస్‌ఎంఈ నమోదు ఉందా? ఉంటే ఎంఎస్‌ఎంఈల బాకీ ఫిర్యాదులు తీసుకునే సమాధాన్ పోర్టల్‌లో వేయండి. 45 రోజులు దాటిన బిల్లుకు బ్యాంక్ రేటుకు మూడింతల చక్రవడ్డీ చట్టంలోనే ఉంది. ఆ ఫిర్యాదు వినే కౌన్సిల్ తీర్పును కొట్టేయించుకోవాలంటే ఎదుటి పార్టీ ముందు 75 శాతం కోర్టులో కట్టాలి. 90 రోజుల్లో తేల్చాలని రాసి ఉంటుంది గానీ దాన్ని నమ్ముకుని అప్పు చేయకండి.

లేత్_షెడ్
2017 నుంచీ నమోదు ఉంది. రేపే ఎక్కిస్తాను. ఇంకో సంగతి, అదే పార్టీ పర్చేజ్ మేనేజర్ ఇవాళ పొద్దున ఫోన్ చేశాడు. కొత్త ఆర్డరు, 90 రోజుల క్రెడిట్. షెడ్డులో రెండు మిషన్లు ఖాళీగా ఉన్నాయి. ఇంకా ఏమీ చెప్పలేదు.