అరిగిన గ్రానైట్ ఫలకం మీది అంకె చదవడం ఎలా?

టెక్సస్‌లో డల్లాస్‌కు ఉత్తరాన, కాలిన్ కౌంటీలోని ఒక చిన్న ఊరి రోడ్డు పక్కన గ్రానైట్ స్మారక ఫలకం ఉంది. 1936లో టెక్సస్ శతాబ్ది ఉత్సవాలకు నిలిపిన రాళ్ల తరహాలోనే పైన కంచు నక్షత్రం, చుట్టూ ఆకుల దండ. కింద, ఆ ఊళ్లో తొలినాళ్లలో స్థిరపడిన ఒకాయన గురించి రాశారు. పేరు, 'పీటర్స్ కాలనీ' (1840లలో ఉత్తర టెక్సస్‌కు వలస వచ్చినవారికి భూములిచ్చిన పథకం) అన్న మాట తెలుస్తున్నాయి. ఆయనకు దక్కిన ఎకరాల అంకె మాత్రం అరిగిపోయింది. నాకు కావలసింది అదే. ఆ కాలనీలో కుటుంబానికి 640, ఒంటరివాడికి 320 ఎకరాల లెక్క ఉండేది కాబట్టి, ఆయన ఒక్కడే వచ్చాడా, భార్యాబిడ్డలతో వచ్చాడా అన్నది దాంతో తేలుతుంది.

రాయి ముఖం ఉత్తరానికి ఉంది, చలికాలంలో నేరుగా ఎండ పడదు. మధ్యాహ్నం ఫోన్‌తో తీస్తే అక్షరాలు రాతిలో కలిసిపోయాయి. ఎదురుగా ఫ్లాష్ వేస్తే మెరుపు తప్ప ఏమీ లేదు. నీళ్లు చల్లితే రాయి నల్లబడింది గానీ గాట్లు తేలలేదు. పల్చటి కాగితం పరిచి పెన్సిల్‌తో రుద్దితే రాతి గరుకే దిగింది. టెక్సస్ చారిత్రక కమిషన్ ఆన్‌లైన్ అట్లాస్‌లో ఊరి పేరుతో, ఇంటిపేరుతో వెతికినా ఈ పాఠం కనబడలేదు. సుద్ద, వైర్ బ్రష్ రాయికి హాని, వాటి జోలికి పోను.

ఇక చీకటి పడ్డాక పక్కనుంచి టార్చి వేసి తీద్దామనుకుంటున్నాను. శాసనాలను ఫొటో తీసిన అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి: ఇలాంటి లోతు తక్కువ గాట్లు తేలాలంటే టార్చిని రాయికి ఎంత దూరంలో, ఏ కోణంలో పట్టుకోవాలి?