జెట్ బోటు: మోటారు అరుస్తోంది, బోటు కదలట్లేదు

తెడ్డులేనివాడు
పొద్దున్నుంచి ఆరు గంటలు దీని మీదే పోయాయి. ఫైబర్‌గ్లాస్‌తో జెట్ బోటు (లోపలి పంపు అడుగునుంచి నీళ్లు పీల్చి వెనక్కి చిమ్మితే నడిచేది) మోడల్ చేశాను, 1:10 స్కేలు, పొడవు 60 సెంటీమీటర్లు. నీళ్లలో పెట్టి థ్రాటిల్ ఇస్తే రెండు మూడు గజాలు ఝామ్మని వెళ్తుంది. ఆ తర్వాత మోటారు కీచుమని అరుస్తుంది, బోటు చతికిలబడుతుంది. థ్రాటిల్ తగ్గిస్తే మళ్లీ నీళ్లు పట్టుకుంటుంది. పెంచితే మళ్లీ అరుపు. మోటారు మార్చాను, దాని వేగాన్ని నడిపే ఈఎస్‌సీ మార్చాను, బ్యాటరీ మార్చాను. ఇక మార్చాల్సింది నన్నే. ఎవరైనా దారి చెప్పండి, లేకపోతే ఇందులో మట్టి పోసి మొక్క నాటేస్తాను.

ఒకటేమాట
బోటు అడుగు ఫోటో పెట్టండి. ఇన్‌టేక్, అంటే నీళ్లు పీల్చే నోరు, కనబడాలి.

గాజుగుడ్డ
ముందు ఒక సంగతి. గాజు గుడ్డని గట్టిపరచడానికి ఏ రెజిన్ వాడారు? ‘ఫైబర్‌గ్లాస్‌తో చేశాను’ అంటే ‘పిండితో వంట చేశాను’ అన్నట్టే. పాలియెస్టరా, ఎపాక్సీనా? కలిపేటప్పుడు ముక్కు పగిలే వాసన వచ్చిందంటే పాలియెస్టర్. అది స్టైరీన్ వాసన. పాలియెస్టర్ అయితే 100 గ్రాములకు 1 నుంచి 2 గ్రాముల ఎంఈకేపీ, అంటే దాన్ని గట్టిపడేలా చేసే ద్రవం. చలిగా ఉంటే 2 వైపు, ఎండగా ఉంటే 1 వైపు.

గట్టిపడటాన్ని వేగం చేసే కోబాల్ట్ విడిగా కలుపుకునే రెజిన్ అయితే ముందు కోబాల్ట్‌ని రెజిన్‌లో పూర్తిగా కలిపేయాలి, ఆ తర్వాతే ఎంఈకేపీ. ఈ రెండూ నేరుగా ఒకదానికొకటి తగిలితే భగ్గుమంటాయి, పేలిపోవచ్చు కూడా. రెండింటికీ ఒకే సిరంజి వాడేవాళ్లను చూశాను, వాళ్ల ధైర్యానికి దండం. ఎంఈకేపీ కంట్లో పడితే చూపు పోవచ్చు, కాబట్టి గాగుల్స్ లేకుండా ఆ సీసా మూత తీయొద్దు.

ఎపాక్సీకి మాత్రం ఇలా శాతాలు ఆడించే వీల్లేదు. డబ్బా మీద ఏ కొలత ఉంటే అదే. హార్డనర్ ఇంకాస్త పోస్తే త్వరగా గట్టిపడుతుందని చాలామంది అనుకుంటారు, జిగురుగా మిగిలిపోతుంది. పాలియెస్టర్ మీద ఎపాక్సీ పడుతుంది గానీ ఎపాక్సీ మీద పాలియెస్టర్ సరిగ్గా పట్టదు. మీ ఇన్‌టేక్ అతుకు దగ్గర ఇదే జరిగి ఉంటుందని నా అనుమానం.

తెడ్డులేనివాడు
రెజిన్ బాగానే ఆరిందండీ. గోటితో కొడితే టంగుమంటోంది. సమస్య అది కాదు. ఫోన్ ఛార్జింగ్‌లో ఉంది, ఫోటో కాసేపాగి పెడతాను.

గులకరాయి
ఇది క్యావిటేషనే బ్రో, అనుమానమే లేదు. ఇంపెల్లర్ (పంపులో తిరిగే రెక్కల చక్రం) రెక్క కొసకీ గొట్టానికీ మధ్య సందు ఎంత ఉంది? ఇంత చిన్న పంపులో అర మిల్లీమీటర్ దాటితే నీళ్లు వెనక్కి జారిపోతాయి. మోటారు కేవీ, అంటే ఒక్కో వోల్టుకి నిమిషానికి తిరిగే చుట్లు, ఎంత? వోల్టేజీ ఎంత?

తెడ్డులేనివాడు
ఇంపెల్లర్ 28 మిల్లీమీటర్లు. మందంపాటి కాగితం ముక్క దూరుతుంది, అంతే సందు. మోటారు 3000 కేవీ, బ్యాటరీ 11.1 వోల్టులు.

నీటిలెక్క
క్యావిటేషన్ అనే మాటను ఇక్కడ ప్రతి రోగానికీ వాడేస్తున్నారు. రెక్క వెనక ఒత్తిడి బాగా పడిపోయి, మామూలు ఉష్ణోగ్రతలోనే నీరు ఆవిరి బుడగలుగా మారితే అది క్యావిటేషన్. బయటి గాలి పంపులోకి దూరితే అది వెంటిలేషన్. మోటారు అరవడం రెంటిలోనూ ఉంటుంది, మందు మాత్రం వేరు. బ్రిటిష్ ఇంజనీరు చార్లెస్ పార్సన్స్ 1894లో టర్బినియా ఓడని నీళ్లలోకి దించినప్పుడు ఎదురైంది అసలైన క్యావిటేషన్. ఇంజను తిరుగుతోంది, ఓడకు అనుకున్న వేగం రాదు. ఆఖరికి మూడు షాఫ్టులు పెట్టి, ఒక్కో దానికి మూడు చొప్పున తొమ్మిది ప్రొపెల్లర్లు బిగిస్తే దారికొచ్చింది. 1897 నాటికి 34 నాట్ల (గంటకు సుమారు 63 కిలోమీటర్ల) వేగం అందుకుంది.

గులకరాయి
సార్, అరవై సెంటీమీటర్ల బోటుకి ఆ ఓడ కథ ఎందుకు? అందరూ క్యావిటేషన్ అనే అంటారు, విన్నవాళ్లకి అర్థమవుతుంది.

నీటిలెక్క
అందరూ అంటే ఒప్పయిపోదు. మీ మాట విని ఆయన ఇంపెల్లర్ మారుస్తాడు. గాలి దూరుతుంటే కొత్త ఇంపెల్లర్ కూడా అదే పాట పాడుతుంది.

గులకరాయి
మార్చమని నేనెక్కడ అన్నాను? సందు ఎంత అని అడిగాను. పైకి వెళ్లి చదువుకోండి.

ఒకటేమాట
పేరు ఏదైతేనేం. తొట్టిలో పెట్టి, బోటు కదలకుండా చేత్తో పట్టుకుని ఫుల్ థ్రాటిల్ ఇవ్వండి. అరుస్తుందా?

తెడ్డులేనివాడు
ఇప్పుడే చూశాను. అరవట్లేదు! పది సెకన్లు ఫుల్ ఇచ్చాను. నీళ్లు ఎదురుగోడకి కొట్టి కిందికి కారాయి, నా చొక్కా కూడా తడిసింది. చేతిలోంచి బోటు లాక్కుపోయేంత బలం ఉంది. మరి బయట ఏమవుతోంది?

ఒకటేమాట
పంపు బాగుంది. షాఫ్టు గొట్టంలోంచి గాలి పీలుస్తుంటే తొట్టిలోనూ అరిచేది. బోటు నడిచేటప్పుడే గాలి దూరుతోంది. ఫోటో.

నీటిలెక్క
అంటే వెంటిలేషన్. చెప్పాను కదా.

రెండుచుక్కానులు
ఈ గొడవంతా దేనికండీ? జెట్ పీకేసి ప్రొపెల్లర్ పెట్టుకోండి. ఇంత చిన్న మోడల్‌లో జెట్ అంటే బ్యాటరీ దండగ.

నీటిలెక్క
ఆయన చేసేది జెట్ బోటు మోడల్. దానికి ప్రొపెల్లర్ పెడితే విమానానికి గుర్రం కట్టినట్టే. జెట్ పుట్టిందే ప్రొపెల్లర్ పనికిరాని చోటు కోసం. న్యూజిలాండ్‌లో బిల్ హామిల్టన్ 1950లలో దీన్ని పనికొచ్చే స్థితికి తెచ్చింది అక్కడి లోతులేని, రాళ్ల నదుల్లో తిరగడానికే. అడుగున వేలాడే భాగం ఏదీ ఉండదు. 1960లో ఆయన బోట్లు గ్రాండ్ క్యానియన్‌లో కొలరాడో నదికి ఎదురెక్కాయి.

రెండుచుక్కానులు
నేను బ్యాటరీ గురించి చెబితే మీరు నది గురించి చెబుతున్నారు.

గాజుగుడ్డ
ఇంకా రెజిన్ పేరు రాలేదు. పోనీ మోల్డ్ దేంతో చేశారో చెప్పండి. థర్మాకోల్‌తో చేసి దాని మీద పాలియెస్టర్ పూస్తే కరిగి గుంటలు పడుతుంది.

తెడ్డులేనివాడు
మోల్డ్ చెక్కతోనే చేశాను సార్, రెండు నెలలు చెక్కాను. అంటుకోకుండా దాని మీద మైనం రాసి, పీవీఏ పూసి, 200 జీఎస్ఎం (చదరపు మీటరుకి 200 గ్రాములు) గుడ్డ రెండు పొరలు వేశాను. ఆరాక చెక్క లాగేశాను. పైన పుట్టీ పెట్టి రుద్దాను.

గాజుగుడ్డ
అది మోల్డ్ కాదు బాబూ, ప్లగ్. ప్లగ్ మీంచి మోల్డ్ తీయాలి, ఆ మోల్డ్ లోపలి వైపు గుడ్డ పరచాలి. అప్పుడే బయటి తలం అద్దంలా వస్తుంది. మీరు ప్లగ్ మీదే గుడ్డ వేశారు కాబట్టి నున్నటి వైపు లోపలికి పోయింది, నీటికి తగిలే వైపు చేత్తో రుద్దింది. అడుగు ఎంత తిన్నగా ఉందో దేవుడికెరుక.

గులకరాయి
ఒక్క బోటుకి అలా చేస్తే తప్పేం లేదు. పది బోట్లు తీయాలంటే మోల్డ్ కావాలి గానీ.

గాజుగుడ్డ
తప్పని నేననలేదు. మాటలు సరిగ్గా వాడమంటున్నాను.

ఒకటేమాట
స్టీలు స్కేలు అడుగున బోటు పొడవు వెంబడి ఆనించండి, వెనక అంచు నుంచి 20 సెంటీమీటర్లు. వెనక దీపం పెట్టి చూడండి. వెలుగు ఎక్కడ వస్తోంది?

తెడ్డులేనివాడు
టార్చ్ పెట్టి చూశాను. కుడివైపు స్కేలు అంటుకుపోయింది. ఎడమవైపు మధ్యలో సన్నగా వెలుగు వస్తోంది, అగ్గిపుల్ల మందం కూడా ఉండదు. నిలువునా నడిమి గీత మీద మాత్రం స్కేలు ఆనట్లేదు, పట్టీ అడ్డం వస్తోంది. ఫోటో పెడుతున్నాను.

ఒకటేమాట
ఏ పట్టీ?

తెడ్డులేనివాడు
అదే, కీల్ పట్టీ. మొదటిసారి నీళ్లలో వదిలినప్పుడు థ్రాటిల్ తగ్గించగానే బోటు చెప్పిన మాట వినలేదు, పక్కకి జారిపోయి గట్టుకి కొట్టుకుంది. తిన్నగా పోతుందని 5 మిల్లీమీటర్ల ఎత్తు పట్టీ ఒకటి అడుగున మధ్యలో అంటించాను. ముక్కు నుంచి మొదలై ఇన్‌టేక్‌కి రెండు వేళ్ల ముందు ఆగుతుంది. వెనక కొస నలుచదరంగా కోశాను. అరవడం ఆ తర్వాతే మొదలైందనుకుంటా, సరిగ్గా గుర్తులేదు.

గులకరాయి
అయ్యో బ్రో. ఇది మొదటి పోస్టులో చెప్పాల్సింది!

ఒకటేమాట
తీసేయండి.

నీటిలెక్క
ఎందుకో కూడా చెప్పాలి కదా. వేగం అందుకోగానే ముక్కు కింద గాలి కలిసిన నురుగు పుడుతుంది. మామూలుగా వాలు అడుగు మీద అది పక్కలకి చెదిరిపోతుంది. మధ్యలో పట్టీ ఉంటే ఆ నురుగు దాన్నే పట్టుకుని వెనక్కి వస్తుంది. మొండిగా కోసిన కొస వెనక నీటి ఒత్తిడి తగ్గి ఖాళీ ఏర్పడుతుంది, బుడగలు అక్కడికే చేరతాయి. దాని వెనకే మీ ఇన్‌టేక్ నోరు తెరుచుకుని ఉంది. అందుకే జెట్ బోట్లకి ఇన్‌టేక్ ముందు కీల్ ఉంచరు.

ఇక థ్రాటిల్ వదిలితే తిరగకపోవడం మీ బోటు లోపం కాదు. జెట్ బోటుకి చుక్కాని ఉండదు, వెనక పక్కలకి తిరిగే నాజిల్‌లోంచి నీళ్లు కొడితేనే మలుపు. థ్రాటిల్ పూర్తిగా వదలకుండా కొద్దిగా ఉంచి తిప్పడం అలవాటు చేసుకోండి.

గులకరాయి
ఇది మాత్రం బాగా చెప్పారు సార్. ఆ పట్టీ తీశాక కూడా ముక్కు మరీ పైకి లేస్తుంటే బ్యాటరీ ముందుకి జరుపు బ్రో. మొత్తం బరువు తూగే చోటు వెనక అంచు నుంచి పొడవులో మూడో వంతు దగ్గర ఉండేలా మొదలుపెట్టి, అక్కణ్నుంచి కాస్త అటూ ఇటూ చూసుకో. ఇన్‌టేక్ అంచు కూడా వేలితో తడిమి చూడు, గోరు ఆగిందంటే అక్కడ మెట్టు ఉన్నట్టు.

రెండుచుక్కానులు
ప్రొపెల్లర్ పెడితే ఇవేవీ ఉండవు.

తెడ్డులేనివాడు
పట్టీ గీకేశాను. కింద పెయింటు కూడా లేచొచ్చింది, పోనీ. చీకటి పడేలోపు ఒక్కసారి వదిలి చూశాను. తిన్నగా వెళ్తే అరవట్లేదు, నీటి మీద లేచి పరుగెత్తింది. గట్టి మలుపులో ఇంకా కొంచెం కీచుమంటోంది, గోరు ఆగే చోటు ఒకటి దొరికింది, అదే అయ్యుండొచ్చు. రేపు రుద్దుతాను. థాంక్స్ అందరికీ.

గాజుగుడ్డ
రుద్దేటప్పుడు మాస్క్ పెట్టుకోండి, తడి ఎమెరీ కాగితంతో రుద్దండి. గాజు ధూళి గాల్లోకి లేవదు. పొడిగా రుద్దితే మోచేతుల దాకా దురద, వేడినీళ్లతో కడిగితే ఇంకా ఎక్కువ. ఆ మెట్టుకి పుట్టీ పెట్టాలంటే మాత్రం కింద ఏ రెజిన్ ఉందో తెలియాలి. పాలియెస్టరా, ఎపాక్సీనా?

గాజుగుడ్డ
ఉన్నారా?