సమస్య: నల్లనేలను మునిఁగెను నావికుండు

ఇచ్చిన ఈ చివరి పాదానికి ముందు మూడు పాదాలు కట్టి పద్యం పూర్తి చేయాలి. వచ్చిన పూరణలు, మా పరిశీలన కింద ఉన్నాయి; పూరణ పక్కనున్నది రాసినవారి పేరు. ఛందస్సు తేటగీతి. సందర్భం 1979 నాటి హిందీ చిత్రం ‘కాలా పత్థర్’. నల్లనేలలో ఓడ ఉండదు, మునగడానికి నీరూ ఉండదు, చిక్కు అక్కడే. గణవిభజన: నల్ల–నేలను–మునిఁగెను–నావి–కుండు (హ, భ, నల, హ, హ). యతి (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో పొత్తు) న–నా.

పూరణ 1: చుక్కాని

ఓడ నుప్పెనలో వీడి యొడ్డుఁ జేరి
పిఱికి యను పేరు మోయుచుఁ బెద్దగనికి
వచ్చి బొగ్గును గొట్టుచు వగపులోన
నల్లనేలను మునిఁగెను నావికుండు

పరిశీలన: నీటి ఊసే లేకుండా చిక్కు విప్పారు. అమితాబ్ వేసిన విజయ్ పాత్ర ఇదే: తుపానులో ఓడ వదిలేసిన కెప్టెన్, ఇప్పుడు గని కూలి. ‘బొగ్గు కొట్టడం’ గనిలో వినబడే మాట. ఒక్క పేచీ ఉంది. అతన్ని తినేది వగపు కాదు, సిగ్గు. పోనీ ‘వ్రీడలోన’ అందామంటే వ–వ్రీ యతి చెల్లదు, అ–ఈ కలవవు. అలాగే ఉంచండి.

పూరణ 2: రేగడి

పాతగని నీరు గోడను పగులఁగొట్టి
చేరెఁ బొరలందు నలువైపు చీకటయ్యె
తోటివారిని వదలక తుదకు నీట
నల్లనేలను మునిఁగెను నావికుండు

పరిశీలన: ముందు వ్యాకరణం. ‘గోడను’ ద్రుతాంతం (నకారంతో ముగిసే పదం), దాని తర్వాతి ‘ప’ ‘బ’గా మారుతుంది కనుక ‘బగులఁగొట్టి’ కావాలి. పా–బ యతికి ఇబ్బంది లేదు. రెండోది కథ. విజయ్ బతికి బయటపడతాడు, ప్రాణం పోయేది శత్రుఘ్న సిన్హా వేసిన మంగళ్ సింగ్‌కి. మూడో పాదం ఇలా మారిస్తే ‘మునిఁగె’ చావు కాదు, దూకడం అవుతుంది:

తోటివారిని గావగఁ దొలుత దుమికి

మొదటి పాదం మాత్రం బంగారం. ఈ కథకు ప్రేరణ ధన్‌బాద్ దగ్గరి చాస్‌నాలా గని. 1975 డిసెంబరు 27న పాత పనుల్లో (తవ్వి వదిలేసిన గని భాగాల్లో) నిలిచిన నీరు లోపలికి విరుచుకుపడి 370 మందికి పైగా చనిపోయారు. పాత గని నిండితే నీటిమట్టం ప్రతి 10 మీటర్ల ఎత్తుకూ చదరపు సెంటీమీటరు మీద సుమారు కిలో బరువు పడుతుంది. పాత మ్యాపులో గాలరీ (గనిలోని సొరంగం) కొలత తప్పితే, మందంగా ఉందనుకున్న బొగ్గు గోడ పలుచనై ఉంటుంది. అందుకే పాత పనులకు 60 మీటర్ల లోపుకి వెళ్తే ముందుగా బోరు వేసి చూసుకుంటూ కదలాలి. నీరు తగిలితే బోరు బిగించి, కొద్దికొద్దిగా వదిలి తోడాలి. తెలుగువారికి ఇది దూరపు సంగతి కాదు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ బొగ్గుగనిలో ఇలాగే నీరు చొచ్చుకొచ్చి 17 మంది పోయారు.

పూరణ 3: తట్టాపార

బొగ్గుగని యజమానికిఁ బొదుపు ముద్దు
పాతనీరున్న హెచ్చరిక వినలేదు
కూలివారల రక్షింపఁ గోరి దిగుచు
నల్లనేలను మునిఁగెను నావికుండు

పరిశీలన: ప్రేమ్ చోప్రా వేసిన ధన్‌రాజ్‌ని పద్యంలోకి లాగింది మీరొక్కరే, భేష్. ఇంజినీరు రవి (శశికపూర్) నీళ్ల గురించి హెచ్చరించినా వినని యజమాని అతను. రెండో పాదంలో గణాలు కుదిరాయి కానీ పా–క యతిభంగం. గణాలు లెక్కపెట్టుకుంటూ నాలుగో గణం మొదటి అక్షరం మరిచిపోయారు. కొత్తవాళ్ళ పద్యాల్లో ఎక్కువగా కనబడే పొరపాటిదే. సవరణ:

పాతనీరన్న మాటను బట్టఁడయ్యె

చిత్ర రచయితలు సలీం–జావేద్ రాతలో ముగ్గురు వీరులుంటే సమస్య ఒక్క నావికుడి మీదే ఇవ్వడం అన్యాయమే, ఒప్పుకుంటాం. కాబట్టి వచ్చేసారి మంగళ్ సింగ్. ఛందస్సు ఆటవెలది.