ఏడేళ్ళ పిల్లవాడి పుట్టినరోజును నైట్ల వేడుకగా జరపడం తగునా?

దర్గామిట్ట వాసి:
మా అబ్బాయికి మే నెలాఖరున ఏడేళ్ళు నిండుతాయి. మధ్యయుగపు ఐరోపాలో కవచం తొడుక్కుని గుర్రమెక్కి పోరాడిన నైట్ల బొమ్మల పుస్తకం ఒకటి చేతికి చిక్కినప్పటి నుంచి, పుట్టినరోజు ఆ పద్ధతిలోనే, అదీ మన ఇంట్లోనే జరగాలని వాడు పట్టుబట్టి కూర్చున్నాడు. డాబా మీద షామియానా వేయించి, అట్టపెట్టెలతో కోట కట్టి, వచ్చిన పిల్లలందరికీ కత్తులు, డాళ్ళు ఇవ్వాలని మొదట అనుకున్నాము. అయితే మా నాన్నగారు "ఖడ్గ తిక్కన తిరిగిన ఊళ్ళో పుట్టి, ఆ తెల్లవాళ్ళ వేషం మనకెందుకురా?" అంటున్నారు. మా ఆవిడ అభ్యంతరం వేరు. వేషం ఎవరిదైనా సరే, పిల్లల చేతికి అట్టకత్తి కూడా ఇవ్వడానికి వీల్లేదంటోంది. ఇద్దరి మాటా తీసిపారేయలేకపోతున్నాను. మీ అభిప్రాయాలు తెలియజేయగలరు.

పాత నెల్లూరు:
మీ నాన్నగారి మాటే నా మాట. 13వ శతాబ్దంలో మనుమసిద్ధి కొలువులో కవి తిక్కన ఒక పక్క, సేనాని ఖడ్గ తిక్కన మరొక పక్క ఉన్న ఊరు మనది. పిల్లవాడికి కత్తి, డాలు, గుర్రం కావాలంటే అవన్నీ మన కథలోనే ఉన్నాయి. ఉన్న ఊరి వీరుడి పేరు తెలియక ముందే పరాయి దేశపు సైనికుడి ఇనుప టోపీ నెత్తిన పెట్టడం నాకు సమ్మతం కాదు.

ఒంగోలు ఉపాధ్యాయిని:
పాత నెల్లూరు గారూ, మీ అభిమానాన్ని గౌరవిస్తూనే ఒక మాట అడుగుతాను. ఖడ్గ తిక్కన కథలో ఏ ఘట్టాన్ని ఏడేళ్ళ పిల్లల చేత ఆడిస్తారు? యాదవ నాయకుడు కాటమరాజు ఆవులు మేసినందుకు కట్టవలసిన పుల్లరి దగ్గర మొదలైన తగాదా అది. పాలేటి ఒడ్డున పంచలింగాల దగ్గర ఓడి ఇల్లు చేరిన తిక్కనకు భార్య స్నానానికి నీళ్ళు తోడి, మంచం అడ్డుపెట్టి, ఆడవాళ్ళకు పెట్టినట్టు పసుపు ముద్ద పెట్టిందని, తల్లి విరిగిన పాలు పోసిందని చాటువులు చెబుతాయి. ఆ అవమానం భరించలేక ఆయన మళ్ళీ వెళ్ళి ప్రాణం ఇచ్చాడు. పదో తరగతి పిల్లలకు నేనే ఇష్టంగా చెబుతాను కానీ, కేకు కోసే సాయంత్రానికి అది పనికివచ్చే కథ కాదు.

దర్గామిట్ట వాసి గారికి నా సూచన ఇది. ఏడేళ్ళ పిల్లవాడు ఆ కాలంలో నైట్ కాడు. పెద్దింటి మగపిల్లవాడిని ఏడో ఏట మరొక ప్రభువు ఇంటికి పంపేవారు. అక్కడ వాడు పేజ్ అనే పేరుతో భోజనాల దగ్గర వడ్డించడం, పెద్దల ముందు మసలుకోవడం నేర్చుకునేవాడు. పద్నాలుగో ఏట స్క్వైర్ అయి, ఆయుధాలు తోమి, గుర్రాన్ని చూసుకుని, సుమారు ఇరవై ఒకటో ఏట గానీ నైట్ అయ్యేవాడు కాడు. కనుక మీ అబ్బాయి చేత ముందు వచ్చినవాళ్ళందరికీ వడ్డన చేయించండి, ఆ తరువాతే వాడి భుజం మీద కత్తి తాకించి నైట్‌ని చేయండి. బహుమతుల గుట్ట మధ్య కూర్చోబెట్టడం కంటే ఇది చరిత్రకూ దగ్గర, మన మర్యాదకూ దగ్గర.

మరొక విషయం. ఆడపిల్లలను రాకుమార్తెలని పేరు పెట్టి కుర్చీల్లో కూర్చోబెట్టకండి. నైట్లు అక్కడ తిరుగుతున్న ఆ 13వ శతాబ్దంలోనే ఇక్కడ రుద్రమదేవి రాజ్యం చేసింది; మన తీరపు మోటుపల్లి గురించి, దానిని ఏలిన రాణి గురించి మార్కో పోలో తన పుస్తకంలో రాసుకున్నాడు.

కావలి తల్లి:
మన కథా, వాళ్ళ కథా అనే వాదంలో అసలు చూడవలసినది జారిపోతోంది. ఆన్‌లైన్‌లో దొరికే నైట్ దుస్తుల్లో చాలా వాటి మీద తెల్ల గుడ్డకు ఎర్ర శిలువ కుట్టి ఉంటుంది. అది 1312లో రద్దయిన టెంప్లార్లనే క్రైస్తవ నైట్ల సంఘం గుర్తు. ముస్లింల మీద క్రూసేడ్లనే మతయుద్ధాలు చేసినవాళ్ళ గుర్తు. రొట్టెల పండుగకు స్వర్ణాల చెరువులో అన్ని మతాలవాళ్ళూ రొట్టెలు మార్చుకునే దర్గామిట్టలో, పక్కింటి ముస్లిం పిల్లలను కూడా పిలిచే వేడుకలో, ఆ గుర్తు ఉండకూడదు. పిల్లలకు తెలియదనుకున్నా పెద్దలు ఫొటోల్లో చూస్తారు.

ఆ దుస్తులు కొనకుండా పిల్లల చేతనే డాళ్ళు చేయించండి. టీవీ వచ్చిన అట్టపెట్టె కోసి, మైదా జిగురుతో రంగు కాగితం అంటిస్తే చాలు. ముఖం ఇనుములో దాగినప్పుడు మనిషిని గుర్తుపట్టడానికి డాలు మీది బొమ్మే ఆధారం కనుక ఒకరి చిహ్నం మరొకరు వాడేవారు కారు; రంగులకూ కట్టుబాటు ఉండేది. పసుపు, తెలుపు ఒక జట్టు. ఎరుపు, నీలం, నలుపు, ఆకుపచ్చ, ఊదా మరొక జట్టు. డాలు నేల రంగు ఏ జట్టుదో, దాని మీది బొమ్మ ఆ జట్టుది కాకూడదు. నీలం మీద నల్ల గిత్తను అంటించి డాబా ఆ చివర నిలబెట్టి చూడండి, మచ్చ తప్ప ఏమీ కనబడదు. ఎరుపు మీద తెల్ల ఒంగోలు గిత్త మూపురంతో సహా తెలిసిపోతుంది. నేలపట్టు గూడబాతు (పెలికన్), వరి కంకి, పడవ, ఎవరికి నచ్చినది వారిని ఎంచుకోనివ్వండి. గూడబాతు ఐరోపా డాళ్ళ మీద కూడా ఉండేది.

కత్తుల విషయంలో నేను మీ ఆవిడ పక్షమే. ఫ్రాన్సు రాజు రెండవ హెన్రీ 1559లో యుద్ధంలో కాదు, వేడుకగా ఆడిన ఈటెల పోటీలో, విరిగిన ఈటె పేడు కంట్లో దిగి చనిపోయాడు. ఎదురెదురుగా పరుగెత్తే ఆట ఏదీ వద్దు. గుర్రం మీద పరుగెత్తుతూ వేలాడే ఉంగరాన్ని ఈటెతో అందుకునే ఆట కూడా వాళ్ళకు ఉండేది. బట్టల తీగకు ప్లాస్టిక్ గాజులు దారంతో వదులుగా కట్టి, చుట్టిన దినపత్రికతో ఒక్కొక్కరినే పరుగెత్తించండి.

ఇక ఎండ. రోహిణి ఎండకు రోళ్ళు పగులుతాయంటారు. అట్ట శిరస్త్రాణాలు ఆ పూట పెట్టనే వద్దు. 1187 జూలైలో పాలస్తీనాలోని హత్తీన్ దగ్గర క్రూసేడ్ సైన్యం ఓటమికి సగం కారణం దాహమే. సాయంత్రం ఐదున్నర దాటాక మొదలుపెట్టి, మజ్జిగ బిందె దగ్గర పెట్టుకోండి.

పాత నెల్లూరు:
శిలువ సంగతి నేను ఆలోచించలేదు. కావలి తల్లి గారు చెప్పినది సబబు. అయినా అసలు మాట విడువను. నైట్ల విందు అంటూ మీరు ఆలూ చిప్స్, పిజ్జా పెట్టబోతారు కదా? 1492కు ముందు ఐరోపాలో ఆలుగడ్డ లేదు, టమాటా లేదు, మిరపకాయా లేదు. సగం నిజం, సగం వేషం ఎందుకు?

ఒంగోలు ఉపాధ్యాయిని:
ఆ లెక్కన మిరపకాయ మీ ఖడ్గ తిక్కన విస్తట్లోనూ లేదండీ. ఆయన పేరున వేడుక చేసినా మన చేపల పులుసు మానుకోవలసిందే. వాళ్ళు కూడా ఎక్కువగా చేత్తోనే తిన్నారు, ఫోర్కుతో తినడం అరుదు; అది చాలు.

దర్గామిట్ట వాసి:
అందరికీ కృతజ్ఞతలు. డాళ్ళు, గాజుల ఆట, సాయంత్రపు వేళ ఖాయం చేసుకున్నాము. కత్తి ఒక్కటే ఉంటుంది, అది మా నాన్నగారి చేతిలో ఉంటుంది. నైట్‌ని చేసేది ఆయనే అనగానే ఆయన కొంత మెత్తబడ్డారు. వడ్డన మాట వాడికి చెప్పాను. మలై కాజా పళ్ళెం తానే పట్టుకుంటాడట, చేపల పులుసు మాత్రం అమ్మే వడ్డించాలట. ఒక్కటి తేలలేదు: మా చెల్లెలి కూతురు గాజుల ఆటలో రుద్రమదేవిగా దిగుతానంటోంది, నైట్ల నడుమ రుద్రమ ఏమిటని మావాడు ఒప్పుకోవడం లేదు.

పాత నెల్లూరు:
ఆ పిల్లను దిగనివ్వండి, మీ ఇంట్లో నా పక్షాన ఉన్నది ఆమె ఒక్కతే. కోట మాత్రం ఉదయగిరి కోటగా కట్టండి. కృష్ణదేవరాయలంతటి వాడు ఏడాదిన్నర ముట్టడిస్తే గాని 1514లో గజపతుల నుంచి చేజిక్కలేదు. అట్టపెట్టెలను డాబా మధ్యలో కాకుండా నీళ్ళ ట్యాంకు మెట్ల మీద వరుసగా పేర్చితే కొండ మీద కోటలా కనిపిస్తుంది. పైమెట్టు పెట్టె ఒక్కటి తాడుతో కట్టండి, సాయంత్రం సముద్రపు గాలికి ఎగిరిపోతుంది.