రోడ్డు పనిలో మా ఊరికి కూలి తప్ప ఇంకేమీ దక్కదా? గ్రామ సంఘాలు చేపట్టగల పనులు చెప్పండి

ప్రశ్న: ఫిరంగిపురం వైపు నుంచి

మాది గుంటూరు జిల్లాలో నల్లరేగడి నేలల ఊరు. మండల కేంద్రం నుంచి మా ఊరి మీదుగా పక్క ఊరికి వెళ్ళే పాత తారు రోడ్డును వెడల్పు చేస్తారని చెబుతున్నారు. ఇంతకుముందు ఊళ్ళో సీసీ రోడ్లు వేసినప్పుడు కంకర పేరేచర్ల క్రషర్ల నుంచి, సిమెంటు గుంటూరు నుంచి, మేస్త్రీలు వేరే జిల్లా నుంచి వచ్చారు. మా వాళ్ళకు దక్కింది కొద్ది రోజుల కూలి మాత్రమే. ఊళ్ళో డ్వాక్రా సంఘాలు బాగా నడుస్తున్నాయి, బ్యాంకులో మంచి పేరుంది, డిప్లొమా చదివి ఖాళీగా ఉన్న కుర్రాళ్ళూ ఉన్నారు. అయినా తీసుకున్న అప్పు గేదెలకో చీరల వ్యాపారానికో పోతోంది తప్ప కొత్త పనిలోకి రావడం లేదు. రోడ్డు పనిలో ఏ భాగాన్ని వీళ్ళు సొంత వ్యాపారంగా చేపట్టగలరు? రోడ్డు పూర్తయి కాంట్రాక్టరు వెళ్ళిపోయాక కూడా నిలిచే పని ఏదైనా ఉందా? అనుభవం ఉన్నవారు వివరంగా రాయగలరు.

జవాబు 1: విశ్రాంత ఇంజనీరు, గుంటూరు

రోడ్డు వేసే పని మీద కాక, వేసిన రోడ్డును కాపాడే పని మీద దృష్టి పెట్టండి. నిర్మాణం కొన్ని నెలల్లో ముగుస్తుంది, దానికి పేవర్లు, రోలర్లు, హాట్‌మిక్స్ ప్లాంటు కావాలి, అవి సంఘాలకు అందేవి కావు. నిర్వహణ ఏటా ఉంటుంది, దానికి పార, గడ్డపార, తట్ట, ఒక చిన్న ట్రాక్టరు చాలు.

మీ నల్లరేగడి నేలలో ఈ పని విలువ ఇంకా ఎక్కువ. తారు అంచు పక్కనుండే మట్టి భాగం, అంటే బెర్ము, కొట్టుకుపోయి కిందికి దిగితే పత్తి లోడుతో పక్కకు దిగిన ట్రాక్టరు చక్రం ఆ అంచును విరిచేస్తుంది. గడ్డి పెరిగి బెర్ము తారుకన్నా ఎత్తయితే వాన నీరు రోడ్డు మీదే నిలుస్తుంది. ఎలా జరిగినా నీరు అడుగున ఉన్న రేగడిలోకి దిగి, నేల ఉబ్బి, ఎండాకాలంలో నెర్రెలిచ్చి, తారు పగిలిపోతుంది. బెర్ములు చెక్కి వాలు సరిచేయడం, సైడు కాలువల పూడిక తీయడం, తూముల నోళ్ళలో ఇరుక్కున్న చెత్త లాగేయడం, సర్కారు తుమ్మ కొట్టడం, కిలోమీటరు రాళ్ళకు రంగు వేయడం: వీటిలో ఊరివాళ్ళు నేర్చుకోలేనిది ఒక్కటీ లేదు.

2000 డిసెంబరులో మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజనలో రోడ్డు వేసిన కాంట్రాక్టరే 5 ఏళ్ళపాటు నిర్వహణ కూడా చూడాలన్న షరతు ఉంది, ఆ తరువాత బాధ్యత రాష్ట్రానిది. ఉత్తరాఖండ్, హిమాచల్ ప్రదేశ్‌లలో ప్రపంచ బ్యాంకు సాయంతో ఇలాంటి రోడ్ల నిర్వహణ పనులను మహిళా స్వయం సహాయక సంఘాలకు ఒప్పందం మీద అప్పగించారు. మన జిల్లాలో అలాంటిది కావాలంటే పంచాయతీ తీర్మానంతో ప్రారంభించి, పంచాయతీరాజ్ ఇంజనీరింగ్ అధికారులను కలవండి. మీ రోడ్డు ఏ పథకం కిందిదో, ఎవరి అధీనంలో ఉందో ముందు తెలుసుకోండి. రోడ్లు భవనాల శాఖదైతే దారి వేరు.

జవాబు 2: చిన్న కాంట్రాక్టరు, విజయవాడ

ఇంజనీరు గారు చెప్పినది నిజమే కానీ డబ్బు సంగతి వదిలేశారు. ఊళ్ళవాళ్ళు కాంట్రాక్టుల్లోకి వచ్చి దెబ్బతినేది పని చేతకాక కాదు, బిల్లు రాక.

ఒక లెక్క చూడండి. సంఘం 4 లక్షల పని తీసుకుందనుకుందాం, పదిశాతం మిగులుతుందనుకుందాం, అంటే 40 వేలు. మొదటి బిల్లు చేతికి రాకముందే 3 లక్షలు ఖర్చవుతుంది. ఆ సొమ్ము బయట రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 6 వేలు. బిల్లు ఆరు నెలలు ఆగితే 36 వేలు వడ్డీకే పోయింది. పైగా ప్రతి బిల్లులోంచి కొంత పట్టుకుని, గడువు తీరాక గానీ తిరిగివ్వరు. అందుకే మొదటి పని చిన్నదిగా, బిల్లు నెలనెలా వచ్చేదిగా ఉండాలి. డ్వాక్రా సంఘాలకిచ్చే స్త్రీనిధి అప్పు దొరికినా సరే, బిల్లు తేదీ తెలియని పనికి దాన్ని పెట్టుబడిగా పెట్టవద్దని నా గట్టి సలహా.

టెండరు కోటాల మీద కూడా ఆశ పెట్టుకోకండి. కేంద్రం 2012లో తెచ్చిన సూక్ష్మ, చిన్న పరిశ్రమల కొనుగోలు విధానంలో 25 శాతం కోటా, అందులో మహిళల సంస్థలకు 3 శాతం ఉన్న మాట వాస్తవమే. అయితే అది కేంద్ర శాఖలు, కేంద్ర ప్రభుత్వ సంస్థలు కొనే సరుకులకు, సేవలకు వర్తిస్తుంది గానీ సివిల్ పనుల కాంట్రాక్టులకు కాదు. కనుక ఊరివాళ్ళు సరుకు తయారుచేసేవాళ్ళుగా రావడం మేలు. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం బూడిదతో ఇటుకలు చేసే యూనిట్లు ఆ చుట్టుపక్కల ఎన్నో బతుకుతున్నాయి. అలాగే కాలువ పలకలు, కిలోమీటరు రాళ్ళు, చిన్న సిమెంటు గొట్టాలు ఊళ్ళోనే పోసి ఇస్తే నాలాంటివాళ్ళం కొంటాం, ఎందుకంటే దూరం నుంచి తెచ్చేటప్పుడు పగిలేదీ, లారీ కిరాయీ మిగులుతాయి. కానీ క్యూరింగ్, అంటే పోసిన సరుకును రోజుల తరబడి తడిగా ఉంచడం, సరిగా చేయాలి. పగలు రెండుసార్లు నీళ్ళు చల్లి చేతులు దులుపుకున్న సరుకును ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారు ఒక్క సుత్తిదెబ్బతో పక్కన పెట్టిస్తారు, ఆ నష్టం మీదే.

కాంక్రీటు కలిపే మిక్సరు, దాన్ని కుదించే నీడిల్ వైబ్రేటరు, పోతకు పెట్టే సెంట్రింగ్ రేకులు కొని అద్దెకివ్వడం ఇంకో దారి. రోడ్డు అయిపోయినా ఊళ్ళో ఇళ్ళు కడుతూనే ఉంటారు.

జవాబు 3: మండల సమాఖ్యలో (డ్వాక్రా సంఘాల మండల స్థాయి కూటమి) పనిచేసిన మహిళ, తాడికొండ వైపు

అన్నగార్లు ఇద్దరూ పని గురించి, డబ్బు గురించి రాశారు. మనుషులు ఎప్పుడు దొరుకుతారో కూడా చూడాలి కదండీ. రోడ్డు పనులు జోరుగా సాగేది వానలు తగ్గాక, ఎండలు ముదిరేలోగా. సరిగ్గా అప్పుడే మాకు పత్తితీత, ఆ వెంటనే మిరప కోతలు. మిరప కోత ముఠాల్లో చేతికి వెంటనే డబ్బు వస్తుంటే, నెలాఖరుకు బిల్లు వస్తుందన్న మాట నమ్మి గడ్డపార పట్టేవాళ్ళెవరు? కాబట్టి నిర్వహణ ఒప్పందంలో పనికాలం మన పంటల్ని బట్టి రాయించుకోవాలి. కాలువల పూడిక మృగశిర కార్తెలోపు, బెర్ముల పని వానల మధ్య తెరపి దొరికినప్పుడు, రంగులు వేసవి చివర. అధికారులు ఒప్పుకోని విషయమేమీ కాదు, ఎవరూ అడగకపోవడమే లోపం.

ఇంకొక సంగతి. కాంట్రాక్టరు క్యాంపుకు భోజనాలు, నీళ్ళ ట్యాంకరు, టీ కొట్టు అంటూ సంఘాలు పెట్టిన వ్యాపారాలు క్యాంపు ఎత్తేయగానే మూతపడతాయి, తెల్లారి చూస్తే ఖాతాలో బాకీలు మిగులుతాయి. అవి చేయవద్దనను, వాటికోసం అప్పు చేయవద్దంటాను. 1980లలో బంగ్లాదేశ్‌లో మొదలైన గ్రామీణ మట్టిరోడ్ల నిర్వహణ కార్యక్రమంలో మంచి ఏర్పాటు ఒకటి ఉండేది. రోడ్డు పనికి తీసుకున్న నిరుపేద మహిళల రోజు కూలిలో కొంత తప్పనిసరిగా పొదుపులో వేయించి, వ్యాపార శిక్షణ ఇచ్చి, నాలుగేళ్ళు పూర్తయ్యాక ఆ సొమ్ముతో సొంతంగా నిలబడేలా చూసేవారు. పొదుపు మనకు కొత్తగా నేర్పనక్కర్లేదు. రోడ్డు కూలిని ఆ పొదుపుకు కలిపే ఆలోచనే మన దగ్గర లేదు.

జవాబు 4: సహకార రంగ విద్యార్థి

కేరళలో వడకర దగ్గర 1925లో కొద్దిమంది కూలీలు కలిసి పెట్టుకున్న ఊరాలుంగల్ లేబర్ కాంట్రాక్ట్ సహకార సంఘం నేడు జాతీయ రహదారి 66లో తలప్పాడి–చెంగల భాగాన్ని ఆరు వరుసలుగా విస్తరించే స్థాయికి చేరింది. పనిచేసేవాళ్ళే సభ్యులు, లాభంలో వాళ్ళకూ వాటా. ఇది నూరేళ్ళ మాట, రేపటికి జరిగేది కాదు. అయినా 1995 నాటి మన పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద ఇలాంటి సంఘం పెట్టుకోవడానికి వీలుంది. మన మండల సమాఖ్యలు చాలావరకు ఆ చట్టం కింద నమోదైనవే.

ప్రశ్న వేసినవారు

అందరికీ కృతజ్ఞతలు. రోడ్డు పంచాయతీరాజ్ శాఖదేనని కనుక్కున్నాను. ముందుగా బెర్ములు, కాలువల పని కోసం పంచాయతీలో తీర్మానం పెట్టిస్తాం. కాలువ పలకల పని డిప్లొమా కుర్రాళ్ళు చూస్తామంటున్నారు. ఒక సందేహం మిగిలింది: పని అయిందో లేదో తేల్చేది ఎవరు? ఏఈ గారు నెలకోసారి రాకపోతే మా బిల్లు ఏమవుతుంది?

విశ్రాంత ఇంజనీరు, గుంటూరు

కొలతలు ఎంబుక్‌లోకి, అంటే శాఖవారి కొలతల పుస్తకంలోకి, ఎక్కనిదే బిల్లు లేదు. అందుకే తట్టల లెక్కనో మీటర్ల లెక్కనో కాక, కిలోమీటరుకు నెలకు ఇంత అని ఒప్పందం రాయించుకోండి. రోడ్డు ఎలా ఉండాలో అందులోనే రాయాలి: తూము నోరు తెరిచి ఉండాలి, తారు మీద నీరు నిలవకూడదు, బెర్ము తారు అంచుకు సమానంగా ఉండాలి. అప్పుడు తనిఖీ గంటలో అయిపోతుంది. ప్రతి నెలా ఒకే తేదీన, ఒకే చోట్ల నిలబడి సంఘం తరఫున ఒకరు ఫొటోలు తీసి, తేదీ వేసి, పంచాయతీ కార్యదర్శికి ఒక ప్రతి ఇచ్చి రసీదు తీసుకోండి. ఏఈ గారు ఆలస్యంగా వచ్చినా ఆ నెల పని జరిగిందనడానికి కాగితం మీ చేతిలో ఉంటుంది.