నాయన బెంగళూరు వస్తున్నాడు: నాటక దర్శకుడి మాట ఇంటికి పనికొస్తుందా?

హిందూపురం పిల్ల:

అందరికీ నమస్కారం. పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

మా నాయన వచ్చే నెల మా దగ్గరికి వచ్చేస్తున్నాడు. ఇక ఇక్కడే ఉంటాడు. హిందూపురంలో హైస్కూలు తెలుగు పండితుడిగా చేసి రిటైరయ్యాడు. అమ్మ పోయాక ఒక్కడే ఉంటున్నాడు. మాది జేపీ నగర్‌లో సారక్కి చెరువు దగ్గర రెండు బెడ్‌రూముల ఫ్లాటు. నేనూ మా ఆయనా ఇద్దరం ఉద్యోగాలకు పోతాం, పాప స్కూలుకు పోతుంది. పగలంతా నాయన ఒక్కడే ఉండాలి కాబట్టి ఆయన రోజు ఎలా గడవాలో ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటూ వచ్చాను. పొద్దున 6 గంటలకు చెరువు చుట్టూ నడక, 8కి టిఫిను, బీపీ మాత్ర, సాయంత్రం కింద పెద్దవాళ్లు కూర్చునే చోట కాలక్షేపం. గదిలో మంచం ఎటు, బీరువా ఎటు అని బొమ్మ కూడా గీశాను. హార్మోనియం దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. నాయన తెల్లవారుజామున లేచి కురుక్షేత్రం పద్యాలు ఎత్తుకుంటాడు. వయసులో ఉన్నప్పుడు చుట్టుపక్కల ఊళ్లలో కృష్ణుడి వేషం కట్టినవాడు, ఇప్పటికీ గొంతు ఖంగుమంటుంది. ఇక్కడేమో గోడకవతల నైట్ షిఫ్ట్ చేసొచ్చి పడుకునే అబ్బాయిలు.

ఈ టెన్షన్‌లో ఉండగా స్నేహితురాలు ఇచ్చిన పీటర్ బ్రూక్ పుస్తకం చదివాను. 1968లో వచ్చింది. ఇంగ్లండులో పుట్టి, పారిస్‌లో స్థిరపడి, 2022లో 97 ఏళ్ల వయసులో పోయిన నాటక దర్శకుడు. మన మహాభారతాన్ని 1985లో ఫ్రాన్స్‌లో ఒక రాతి క్వారీలో తొమ్మిది గంటల నాటకంగా ఆడించింది ఈయనే. (తెల్లవార్లూ నాటకం చూసే ఊళ్లనుంచి వచ్చినదాన్ని, ఆ తొమ్మిది గంటలు నాకు వింతగా అనిపించలేదు.)

అందులో ఒకచోట తన తొలిరోజుల సంగతి చెప్తాడు. 1946, స్ట్రాట్‌ఫర్డ్, షేక్‌స్పియర్ నాటకం. అప్పటికి ఆయనకు 21 నిండీ నిండని వయసు. తొలి రిహార్సల్ ముందు రోజు రాత్రి స్టేజీ నమూనా ముందు కూర్చుని, నలభై మంది నటులకు బదులు నలభై అట్టముక్కలు పెట్టుకుని, వాటిని జరుపుతూ ఎవరు ఎటునుంచి రావాలో, ఎక్కడ నిలబడాలో అంతా రాసుకున్నాడు. మర్నాడు ఆ లావుపాటి పుస్తకం పట్టుకుని వెళ్లాడు. నటులు కదిలారు. ఒకరు వేగంగా, ఒకరు నింపాదిగా, ఎవరి నడక వాళ్లది. మొదటి కదలిక అయ్యేసరికే ఒక్కరూ రాసుకున్న చోట లేరు. మళ్లీ మొదట్నించీ డ్రిల్లు చేయించాలా అని ఒక్క క్షణం ఆలోచించాడట. అంతలోనే, ఎదురుగా జరుగుతున్నది తన ప్లాను కంటే బాగుందని తోచింది. పుస్తకం అక్కడే వదిలేసి నటుల మధ్యలోకి నడిచాడు. ఆ తర్వాత మళ్లీ ఎన్నడూ రాసుకున్న ప్లాను ముఖం చూడలేదట. ప్రాణం లేని నమూనా మనిషికి బదులు నిలుస్తుందనుకోవడం ఎంత అహంకారమో ఆ రోజే తెలిసిందంటాడు.

అది చదివి నా నోట్‌బుక్ వంక చూసుకున్నాను. నాయన పేరు మీద నేను జరుపుతున్నవి అట్టముక్కలేనా అనిపించింది. అలాగని ఏమీ ఆలోచించకుండా 76 ఏళ్ల మనిషిని కొత్త ఊరికి తెచ్చి వదిలేయలేను కదా. స్టేజీ మీద చెల్లిన మాట ఇంట్లో ఎంతవరకు చెల్లుతుంది? ఎంత పట్టుకోవాలి, ఎంత వదలాలి? నాటకాలతో సంబంధం ఉన్నవాళ్లు గానీ, పెద్దవాళ్లను ఇంటికి తెచ్చుకున్నవాళ్లు గానీ చెప్పండి.

లైట్లబ్బాయి:

అక్కా, నేను ఇక్కడ కన్నడ నాటకాలకు లైటింగ్ చేస్తాను. పుట్టింది చిత్తూరు.

మీరు చెప్పిన కథలో ఒకటి మర్చిపోవద్దు. ముందు రోజు రాత్రి బ్రూక్ నిజంగానే కష్టపడ్డాడు. అలా కూర్చున్నవాడికే మర్నాడు తేడా కంటికి కనపడింది. నోట్‌బుక్ రాశారని బాధపడకండి. ఆయనే ఇంకో పుస్తకంలో అంటాడు: ఒక అభిప్రాయాన్ని ప్రాణం పెట్టి నమ్మాలి, దానికోసం పోట్లాడాలి, కానీ లోపల ఒక గొంతు 'గట్టిగా పట్టుకో, తేలిగ్గా వదిలెయ్' అని అంటూనే ఉండాలి అని. చాలామంది ఆ రెండో సగమే చెప్తారు.

మా పనిలో వదలనివి కొన్ని ఉంటాయి. మీ పక్కనే రంగశంకర నాటకశాల ఉంది కదా, నాటకం మొదలైతే ఎంతటివాడికైనా తలుపు తీయరు. లైటు స్టాండుకు కట్టిన తాడు, కరెంటు వైరు, ఇవి ఎవరి మూడ్ మీదా ఆధారపడవు. అవి ఖాయంగా ఉంటేనే నటుడు ధైర్యంగా కదుల్తాడు. నటుడు ఈ రోజు రెండడుగులు ఎడమకు జరిగితే మాత్రం లైటే ఆయన వెనక పోవాలి.

అందుకని మీ నోట్‌బుక్‌లో మాత్రలు, బాత్రూములో పట్టుకునే కడ్డీ, రాత్రి వెలిగే చిన్న లైటు, పక్కింట్లో ఒక తాళంచెవి, ఆయన జేబులో మీ అడ్రసు, ఫోన్ నంబరు ఉన్న కాగితం, ఇవి గట్టిగా పట్టుకోండి. నడక ఎప్పుడు, ఎవరి పక్కన కూర్చోవాలి, మంచం ఎటు అనేవి ఆయన వచ్చాక ఆయన్నే చేసుకోనివ్వండి.

నెల్లూరమ్మ:

అమ్మాయీ, నేను మీ నాయన వైపు నుంచి రాస్తున్నాను. నెల్లూరులో ఇల్లు ఖాళీ చేసి కొడుకు దగ్గరికి వచ్చినదాన్ని. మా వాళ్లు నాకేమీ తక్కువ చేయలేదు, నా గది ఎంత ముచ్చటగా సర్దిపెట్టారో. కానీ నన్ను ఎవరూ ఏమీ అడిగేవాళ్లు కాదు. ఊళ్లో రోజుకు పదిమంది 'పెద్దమ్మా, ఇదెట్లా చెయ్యాలి' అంటూ వచ్చేవాళ్లు. ఇక్కడ 'మీరు కూర్చోండమ్మా' అనేవాళ్లే. పక్కింటి పిల్ల ఒకరోజు ఆవకాయ పాళ్లు అడగడానికి వచ్చింది, ఆ రోజు నాకు అన్నం సయించింది.

ఇక్కడ మీరంతా ఎంత పట్టుకోవాలి, ఎంత వదలాలి అంటున్నారు. ఆ లెక్కన మీ ఇంట్లో దర్శకురాలివి నువ్వు, నటుడు మీ నాయన అని ముందే తేల్చేశారు. ఆయన పిల్లలకు పాఠం చెప్పినవాడు, స్టేజీ ఎక్కినవాడు. ఆ నోట్‌బుక్ ఆయన చేతికే ఇవ్వు. కొట్టేయాల్సినవి ఆయనే కొట్టేస్తాడు. ఇంకొకటి, ఆ ఇంట్లో ఆయన లేకపోతే జరగని పని ఒకటైనా ఉండేట్టు చూడు.

కడప పాతకాపు:

అమ్మా, బ్రూక్ సంగతి నాకంతగా తెలియదు. మా జిల్లా సురభి వాళ్ల సంగతి తెలుసు. 1885లో సురభి అనే పల్లెలో మొదలైన నాటకాల కుటుంబం అది. కన్నడ నాటక దర్శకుడు బి.వి. కారంత్ వాళ్ల దగ్గరికి వచ్చారు. చిన్నతనంలో ఇల్లు విడిచిపోయి గుబ్బి వీరణ్ణ నాటక కంపెనీలో చేరి, తర్వాత ఢిల్లీలో నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాకు డైరెక్టరై, 1989లో మైసూరులో రంగాయణ అనే నాటక సంస్థ పెట్టినాయన. పురాణ నాటకాలు ఆడే సురభి వాళ్లతో జర్మనీ రచయిత బ్రెహ్ట్ కథను 'బస్తీ దేవత యాదమ్మ'గా ఆడించారు. అట్లని వాళ్ల తెరలు, ట్రిక్కు సీన్లు తీసి పక్కన పెట్టలేదు. మాయాబజార్ అట్లే ఉంది, దాని పక్కన కొత్తది వచ్చింది. తరతరాలుగా స్టేజీ మీద బతికినవాళ్లకు ఏం చేతనవునో ముందు అది చూడాల. ఆ చూపు నాకు చాలా ఇష్టం.

హార్మోనియం మాత్రం మాన్పించొద్దు తల్లీ. నాయన వచ్చిన వారంలోనే ఆయన్ను వెంటబెట్టుకుని పక్కింటి పిల్లల దగ్గరికి పో. వాళ్లు నిద్ర లేచే టైము అడిగి, పద్యం అప్పుడే. మనిషిని చూసినాక ఆ గొంతు వాళ్లకు పరాయిది కాదు. వయ్యాలికావల్‌లో తెలుగు విజ్ఞాన సమితి ఉంది, అక్కడే కృష్ణదేవరాయ కళామందిరం. జేపీ నగర్‌లో గ్రీన్ లైన్ మెట్రో ఎక్కి సంపిగె రోడ్డు దగ్గర దిగి ఆటో పట్టుకుంటే పోవచ్చు. పద్యం వినే చెవులు అక్కడ దొరుకుతాయి.

హిందూపురం పిల్ల:

అందరికీ చాలా థాంక్స్. నెల్లూరమ్మ గారూ, మీ మాట చదివాక రాత్రి నాయనకు ఫోన్ చేసి నోట్‌బుక్ మొత్తం చదివి వినిపించాను. నడక 5 గంటలకేనట, 6 అయితే జనం ఎక్కువవుతారట. మంచం కిటికీ వైపు తలపెట్టి వెయ్యమన్నాడు. కింద పెద్దవాళ్ల గుంపు సంగతి తాను చూసుకుంటానన్నాడు. హార్మోనియం మాట ఎత్తితే కాసేపు ఏమీ అనలేదు. తర్వాత 'ఆ పిల్లోళ్లు ఏ ఊరోళ్లో కనుక్కో' అన్నాడు. ఒకబ్బాయిది మదనపల్లె, ఇంకొకరిది హుబ్బళ్లి. ఇవాళ మెట్ల మీద కనిపిస్తే అడిగాను.

మా పాపకు తెలుగు చదవడం రాదు. సాయంత్రం స్కూల్ బస్సు దగ్గరనుంచి తీసుకొచ్చి, రోజూ కాసేపు తెలుగు నేర్పే పని నాయనదే. దానికి టైమ్ నేను రాయలేదు.

లైట్లబ్బాయీ, బాత్రూములో కడ్డీ వేయించాలంటే టైల్స్ పగలకుండా డ్రిల్ చేసే మనిషి ఈ పక్క ఎవరైనా తెలుసా? నాయన వచ్చేలోపు అయిపోవాలి.